ఔత్సాహిక ఆఫ్‌షోర్ పవర్‌బోట్ రేసులకు క్లాస్ నిబంధనలు రాయడం ఎలా

రేసు ముగిశాక గట్టు మీద తనిఖీ అధికారి దగ్గర ఉండే సామాను కొంచెమే. ఒక లోడ్ సెల్ (క్రేనుకి తగిలించే తూకం), ఒక టేపు, రెండు మీటర్ల స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని కొలబద్ద), కోణం చూసే గేజి, ఒక లాప్‌టాప్. ఒక్కో పడవకి ఇరవై నిమిషాలు దొరికితే గొప్ప. ఆ సామానుతో, ఆ ఇరవై నిమిషాల్లో తేల్చగలిగే విషయాలే నిబంధనల్లో ఉండాలి. తేల్చలేని నిబంధన రాస్తే దానికి కట్టుబడేది నిజాయితీపరులొక్కరే.

సొంత డబ్బుతో, సెలవు రోజుల్లో పోటీ పడేవాళ్ళ క్లాస్ (ఒకే నిబంధనల కింద పోటీపడే పడవల వర్గం) కోసం ఈ మార్గదర్శి. భద్రత విషయంలో పై మాట ఎప్పుడూ జాతీయ సమాఖ్యదీ, దాని మీద 1922లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య యూఐఎందీ. క్లాస్ నిబంధన వాటికి కలపొచ్చు గానీ వాటి నుంచి తగ్గించకూడదు. కింద వచ్చే అంకెల్లో చాలావరకు నమూనాలు. మీ పడవలు కొలిచి మీ అంకెలు మీరు పెట్టుకోవాలి.

1. ముందు ఉన్న పడవల్ని కొలవండి

కాగితం పట్టుకునే ముందు, ఈ క్లాస్‌లోకి రాగల పడవలన్నిటినీ ఒక వారాంతం ఒకచోట చేర్చండి. ప్రతిదానికీ రాసుకోవాల్సినవి: బరువు, హల్ (పడవ ఒళ్ళు) పొడవు, ట్రాన్సమ్ (పడవ వెనక గోడ) దగ్గర డెడ్‌రైజ్ కోణం (వీ ఆకారపు అడుగు వాలు), ఇంజిన్ మోడలూ తయారైన ఏడాదీ, గేర్ నిష్పత్తి, ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకి లెక్క ప్రకారం ముందుకి పోవాల్సిన దూరం), నిలకడ నీటిలో అందుకున్న గరిష్ఠ వేగం. పొడవుకి ఐఎస్ఓ 8666 (చిన్న పడవల కొలతలకి అంతర్జాతీయ ప్రమాణం) పద్ధతి వాడితే మేలు. బోల్టులతో బిగించి విప్పగలిగే ఈత మెట్లూ, ఇంజిన్ బ్రాకెట్లూ అందులో లెక్కకి రావు. ఇది ముందే రాయకపోతే ట్రాన్సమ్ వెనక బ్రాకెట్ వేలాడదీసి "నా పడవ అంతే పొడవు" అనేవాళ్ళు మొదటి సీజన్లోనే తయారవుతారు.

యూనిట్లు కూడా ఆ రోజే ఖాయం చేయండి. వట్టి "60" అని రాస్తే గంటకి 60 మైళ్ళయితే 96.6 కి.మీ., 60 నాట్లయితే 111.1 కి.మీ. ఒకే అంకెలో పద్నాలుగున్నర కిలోమీటర్ల తగాదా దాగి ఉంది. వేగానికి గంటకి కి.మీ., బరువుకి కిలోలు, శక్తికి కిలోవాట్లు (ఒక హార్స్‌పవర్ 0.7457 కిలోవాట్లు) అని మొదటి పేజీలోనే పెట్టేయండి.

తర్వాత ఏ తేడా ఎంత విలువ చేస్తుందో లెక్కేయాలి. దీనికి క్రౌచ్ సూత్రం చాలు. నీటి పైకి లేచి జారే పడవ వేగం, శక్తిని బరువుతో భాగించగా వచ్చినదాని వర్గమూలాన్ని అనుసరించి మారుతుంది. అంటే శక్తి 10 శాతం పెరిగితే వేగం సుమారు 5 శాతం పెరుగుతుంది. బరువు 5 శాతం తగ్గితే వేగం రెండున్నర శాతం పెరుగుతుంది. 60 కి.మీ. రేసు గంటకి 100 కి.మీ. వేగంతో 36 నిమిషాలు పడుతుంది. అందులో ఒక్క శాతం వేగం అంటే దాదాపు 22 సెకన్లు. కమిటీలో ఏ వాదన వచ్చినా దాన్ని ముందు సెకన్లలోకి మార్చి చూడండి. సగం వాదనలు అక్కడితో ఆగిపోతాయి.

2. క్లాస్ ఏ రకమో తేల్చుకోండి

దారులు మూడే. ఒకే అచ్చు పడవలు, ఒకే ఇంజిన్ అయితే అది వన్-డిజైన్. నిబంధనలు రాయడం సులువు, తనిఖీ ఇంకా సులువు, కానీ అందరూ కొత్త పడవ కొనాలి. రెండోది పరిమితుల పెట్టె: పొడవు ఇంతకి మించకూడదు, బరువు ఇంతకి తగ్గకూడదు, ఇంజిన్ ఈ జాబితాలోది అయి ఉండాలి. మూడోది వేగపు గీత. పడవ ఏదైనా సరే, గంటకి 110 కి.మీ. దాటితే శిక్ష.

మూడోది ఔత్సాహికులకి వెంటనే నచ్చుతుంది. ఉన్న పడవతో దిగిపోవచ్చు, ఇంజిన్ విప్పక్కర్లేదు, జీపీఎస్ లాగర్ (వేగాన్ని నమోదు చేసే పరికరం) ఒకటి చాలు. దాని లోపం నిలకడ నీటిలో కనపడదు. అలలు మీటరు దాటిన రోజున, 7 మీటర్ల పడవ 85 కి.మీ. దగ్గర ఎగిరెగిరి పడుతూ థ్రాటిల్ వదులుతుంటే, అదే క్లాస్‌లో దిగిన 11 మీటర్ల జంట ఇంజిన్ల పడవ గీతకి ఒక్క కిలోమీటరు కింద నిలకడగా వెళ్ళిపోతుంది. పెద్ద పడవకి ఆ గీత అడ్డంకి కాదు, విశ్రాంతి వేగం. వేగాన్ని మాత్రమే కట్టేస్తే గరుకు నీటిలో పొడవూ బరువూ గెలుస్తాయి.

గరుకు నీటిలో గెలిపించేది పడవ ఒళ్ళేనన్న విషయం ఈ క్రీడకి మొదటి నుంచీ తెలిసిందే. 1956లో మొదలైన మయామి-నస్సౌ (అమెరికా నుంచి బహామాస్‌కి) రేసులో, 1960లో గెలిచింది డిజైనర్ రే హంట్ గీసిన డీప్-వీ (లోతైన వీ ఆకారపు అడుగు) హల్ ఉన్న 31 అడుగుల 'మాపీ'. ఆ రోజు సముద్రం బాగా రేగి ఉంది. గెలిపించింది అడుగు ఆకారం. అందుకని వేగపు గీత పెట్టినా దానికి తోడుగా గరిష్ఠ పొడవూ, మొత్తం గరిష్ఠ శక్తీ కూడా పెట్టండి. ఒకే క్లాస్‌లో అతి పొడవైన పడవకీ అతి పొట్టి పడవకీ తేడా ఒకటిన్నర మీటరు మించనివ్వకండి. మించితే రెండు క్లాసులు చేయండి. అయిదు పడవలు లేకుండా విడి క్లాస్‌కి పాయింట్లు ఇవ్వకండి. ముగ్గురు దిగిన రేసులో ముగ్గురూ బహుమతి వేదిక ఎక్కడం చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, మరుసటి ఏడాది ఆ ముగ్గురూ కనపడరు.

వేగపు గీత ఉంటే లాగర్ గురించి ఇంత స్పష్టంగా రాయాలి:

"ప్రతి పడవలో నిర్వాహకులు ఇచ్చిన, సీలు వేసిన 10 హెర్ట్జ్ (సెకనుకి పది రీడింగుల) లాగర్ ఉండాలి. ఆంటెన్నాకి ఆకాశం అడ్డు లేకుండా బిగించాలి. గంటకి 110.0 కి.మీ. పైన వరసగా 3 సెకన్లు లేదా అంతకు మించి నమోదైతే ఉల్లంఘన. పోటీదారు సొంత పరికరం చూపే రీడింగు సాక్ష్యంగా చెల్లదు."

మూడు సెకన్లు ఎందుకంటే, 110 దగ్గర పడవ అంతసేపట్లో 92 మీటర్లు పోతుంది. పొరపాటున దాటినవాడు సర్దుకోవడానికి అది చాలు, లాభం తీయడానికి చాలదు. ఒంటరి రీడింగుల్లో జీపీఎస్ అప్పుడప్పుడూ గెంతుతుంది కాబట్టి ఒక్క చుక్క చూసి శిక్ష వేయకూడదు. జీపీఎస్ చూపేది నేల మీద వేగమని కూడా గుర్తుంచుకోండి. 2 నాట్ల ప్రవాహం వెనకనుంచి తోస్తే 3.7 కి.మీ. ఊరికే కలుస్తాయి, తిరుగు దారిలో పోతాయి. అందరికీ ఒకే ప్రవాహం కాబట్టి సవరణ అక్కర్లేదు. పోనీ అని సవరణ మొదలుపెడితే దానికి అంతుండదు.

3. బరువు

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన అంకె ఇదే. ఖర్చు మొదలయ్యేది ఇక్కడే. కనీస బరువు తక్కువగా పెడితే డబ్బున్నవాడు కార్బన్ ఫైబర్ హ్యాచ్‌లు కొంటాడు, డబ్బులేనివాడు సీట్ల కింద ప్లైవుడ్ కోసేస్తాడు. రెండోది ప్రమాదం కూడా.

తూచిన తొమ్మిది పడవల బరువులు ఇలా వచ్చాయనుకుందాం: 1,140, 1,165, 1,170, 1,190, 1,205, 1,210, 1,230, 1,260, 1,340 కిలోలు. చాలా కమిటీలు అన్నిటికన్నా తేలికైనది చూసి 1,140 అని రాసేస్తాయి. అప్పుడు మిగతా ఎనిమిది పడవల వాళ్ళూ బరువు తీసే పనిలో పడతారు. 1,340 దగ్గర పెడితే తేలిక పడవకి రెండు క్వింటాళ్ళ సీసం కట్టాలి. అదీ కుదరదు. ఇక్కడ 1,210 సరైన చోటు. తేలికైన పడవ 70 కిలోలు కలుపుకుంటుంది. 1,260 కిలోల పడవకి 4 శాతం అదనం, వేగంలో 2 శాతం, 36 నిమిషాల రేసులో ముప్పావు నిమిషం. నడిపే నేర్పుతో అది రాబట్టుకోవచ్చు. 1,340 కిలోలున్న పడవని మాత్రం విడిగా చూడండి. పాత పడవల్లో అడుగు ఫోమూ, ట్రాన్సమ్ లోపలి చెక్కా నీరు పీల్చుకుని క్వింటా దాకా పెరగడం మామూలే. ఆ పడవకి కావాల్సింది మరమ్మతు. తడిసిన ట్రాన్సమ్‌తో రేసు చేయడం ఎలాగూ మంచిది కాదు.

ఏ స్థితిలో తూచాలన్నది అంకె అంత ముఖ్యం. పద్ధతి ఇదీ: రేసు ముగిశాక, సిబ్బంది హెల్మెట్లూ జాకెట్లతో సహా పడవలోనే ఉండగా, మిగిలిన ఇంధనంతో, అడుగు నీరు పూర్తిగా తోడేసి తూచాలి. పైన పడవలకి వేసిన అంకెలు ఖాళీవైతే ఇద్దరు సిబ్బందికి 160 కిలోలు కలిపి, తూచే బరువు 1,370 అని ఒకే అంకె రాయండి. సిబ్బంది లోపలుండగా ఎత్తడానికి రేవు నియమాలు ఒప్పుకోకపోతే వాళ్ళని పక్కన కాటా మీద నిలబెట్టి కలపండి.

అడుగు నీరు తోడమనడానికి కారణముంది. ముగింపు గీత దాటాక బిల్జ్ పంపు ఆపేసి నలభై లీటర్లు లోపలికి రానిస్తే నలభై కిలోలు ఊరికే వచ్చినట్టు. ముక్కు దగ్గర నీటి బ్యాలస్ట్ ట్యాంకు (బరువు కోసం నీరు నింపేది) ఉన్న పడవలకీ ఇదే వర్తిస్తుంది. తూచేముందు ఖాళీ చేయాలి.

ఇంధనం మీద తగాదా వద్దు. 200 హార్స్‌పవర్ పెట్రోల్ ఔట్‌బోర్డ్ (పడవ వెనక బయట బిగించే ఇంజిన్) పూర్తి థ్రాటిల్‌లో గంటకి సుమారు 65 నుంచి 75 లీటర్లు తాగుతుంది. 36 నిమిషాల రేసుకి దాదాపు 40 లీటర్లు, అంటే 30 కిలోలు. ఎంత నింపుకోవాలో వాళ్ళిష్టం. ముగింపులో కనీస బరువు చూపించాలి, ట్యాంకులో కనీసం 15 లీటర్లు మిగలాలి. రెండో షరతు భద్రత కోసం, నడి సముద్రంలో ఇంజిన్ ఆగిపోకుండా.

సర్దుబాటు బరువు 75 కిలోలు మించకూడదు, ఘనలోహమై ఉండాలి, కనీసం 10 మి.మీ. బోల్టులతో నిర్మాణ భాగాలకే బిగించాలి, స్థానం ఫొటోతో కొలత పత్రంలో నమోదు కావాలి. ఇసుక బస్తాలు, నీటి డబ్బాలు వద్దే వద్దు. అల మీంచి పడ్డప్పుడు అవి ముందు మనుషుల కాళ్ళ మీదికే వస్తాయి. స్థానం నమోదెందుకంటే, అదే 70 కిలోలు ట్రాన్సమ్ దగ్గర ఉంటే నిలకడ నీటిలో లాభం, ముక్కు దగ్గర ఉంటే ఎదురు అలల్లో లాభం. రేసు రేసుకీ మార్చుకోనిస్తే అదొక ట్యూనింగ్ పరికరమైపోతుంది.

లోడ్ సెల్‌ని నమ్మేముందు బరువు తెలిసిన వస్తువుని మొదట్లో ఒకసారి, అన్ని పడవలూ అయ్యాక ఇంకోసారి తూచండి. రెండిటి మధ్య 3 కిలోల కన్నా తేడా వస్తే ఆ రోజు తూకాలు రద్దు. స్లింగులు (పడవని ఎత్తే పట్టీలు) తడిస్తే బరువెక్కుతాయి, తడి స్లింగులతోనే సున్నా చేయండి. గాలికి ఊగుతుంటే ఆగేదాకా ఆగాలి. ట్రైలర్‌తో తూచి, ఖాళీ ట్రైలర్ తూచి తీసివేసే పద్ధతి రెండు పొరపాట్లని ఒకటిగా కలుపుతుంది. క్రేన్ దొరకని చోట తప్ప వద్దు.

4. హల్

అడుగుని కట్టడి చేయాలి, పై భాగాన్ని వదిలేయొచ్చు. డెక్ రంగు, సీట్ల ఏర్పాటు, గాలి అద్దం ఎత్తు మీద నిబంధనలు రాసి కాగితం పాడుచేయకండి.

అడుగులో చూడాల్సింది మూడు. మొదటిది స్టెప్పులు, అంటే అడుగుకి అడ్డంగా ఉండే మెట్లలాంటి కోతలు. నమోదు తేదీ నాటికి అచ్చులో లేని స్టెప్ చెక్కడం నిషేధం. స్టెప్పులున్న హల్ తడిసే ఉపరితలాన్ని తగ్గించి వేగం ఇస్తుంది, మలుపులో హఠాత్తుగా పట్టు వదిలే గుణం కూడా తెస్తుంది. వీలైతే స్టెప్పులున్నవీ లేనివీ ఒక క్లాస్‌లో కలపకండి. రెండోది వెనక రెండు మీటర్ల అడుగు సూటిదనం. స్ట్రెయిట్ ఎడ్జ్‌ని కీల్‌కి (అడుగు మధ్య గీతకి) సమాంతరంగా, కీల్‌కీ చైన్‌కీ (అడుగూ పక్క గోడా కలిసే అంచుకీ) మధ్య పెట్టి ఫీలర్ గేజితో (సందు కొలిచే పలచని రేకులతో) సందు చూడండి. చివర్లో అడుగు కిందికి వంగి ఉంటే ముక్కు దిగుతుంది, నీరు అంటుకుని వేగం తగ్గుతుంది. పైకి వంగి ఉంటే ముక్కు లేస్తుంది, వేగంతో పాటు గెంతడమూ వస్తుంది. 3 మి.మీ. దాకా వదిలేయండి. పాత అచ్చుల్లో ఆపాటి వంకర పుట్టుకతోనే ఉంటుంది.

మూడోది అంచుల పదును. చైన్ అంచు, ట్రాన్సమ్ కింది అంచు పదునుగా ఉంటే నీరు తెగి విడిపోతుంది, తడి తగ్గుతుంది. కొందరు చేత్తో రుద్ది పదును తీస్తారు. దీన్ని నిషేధించిన క్లాసులు ప్రతి గీత మీదా తగవులాడుకుంటాయి. ఇసుక కాగితం పట్టిన చేతిని తనిఖీ అధికారి ఎలా పట్టుకుంటాడు? అసలు గీత నుంచి 2 మి.మీ. లోపు నింపడం, రుద్దడం అనుమతించేయండి. పెద్ద ఖర్చు లేదు, ఎవరైనా చేసుకోగలరు.

5. ఇంజిన్

"200 హార్స్‌పవర్ వరకు" అని రాస్తే నిబంధన రాసినట్టు కాదు. లేబుల్ మీది అంకెకీ షాఫ్ట్ దగ్గర వచ్చే శక్తికీ మధ్య కొన్ని శాతాల తేడాని కొలత ప్రమాణాలే అనుమతిస్తాయి. 200 అని రాసి ఉన్న రెండు తయారీల మధ్య సెకన్లు కాదు, నిమిషాలే తేడా రావచ్చు. కాబట్టి పేర్లతో జాబితా వేయండి: తయారీ, మోడల్, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు, సిలిండర్ల ఘనపరిమాణం, గేర్ నిష్పత్తి, గరిష్ఠ ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు). జాబితాలో లేనిది లేనట్టే. కొత్త మోడల్ చేర్చమని అడిగితే సీజన్ మధ్యలో చేర్చకూడదు.

ఇంజిన్ లోపలికి వెళ్ళకుండా తేల్చగలిగేవి ముందు చూడండి. ఈసీయూలో (ఇంజిన్‌ని నియంత్రించే కంప్యూటర్‌లో) క్యాలిబ్రేషన్ నంబరు తయారీదారు డయాగ్నస్టిక్ పరికరంతో చదవొచ్చు. ఆర్పీఎం చరిత్ర కూడా చాలా ఇంజిన్లు దాచుకుంటాయి. 6,000 దగ్గర ఆగాల్సిన ఇంజిన్ 6,400 దగ్గర పావుగంట తిరిగినట్టు కనపడితే ఇక చర్చ లేదు. ఒకే మోడల్ ఇంజిన్లున్న క్లాస్ అయితే దీనికన్నా చవకైన ఉపాయం ఉంది. రేసు ఉదయం రెండు పడవల ఈసీయూలు చీటీ తీసి ఒకదానితో ఒకటి మార్చండి. ఇలా మారుస్తారన్న సంగతి ముందే నిబంధనల్లో ఉంటే ఎవరూ ప్రత్యేకం ఈసీయూ కొనరు.

తర్వాత సీళ్ళు. సిలిండర్ హెడ్ బోల్టుల్లో రెండిటికీ, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కీ, గేర్‌కేస్‌కీ (ప్రొపెల్లర్‌ని తిప్పే గేర్లుండే కింది పెట్టెకీ) రంధ్రం వేసి తీగ గుచ్చి నంబరున్న సీసపు సీలు నొక్కండి. సీలు తెగితే రేసుకి ముందే చెప్పాలి. చెప్పకుండా దొరికితే ఇంజిన్ నిబంధన తప్పినట్టే లెక్క. సీలు నంబర్ల పుస్తకం ఒక్కరి దగ్గరే ఉండాలి.

మరమ్మతుకి చోటు ఇవ్వండి. సిలిండర్ బోర్ 94 మి.మీ., స్ట్రోక్ 96 మి.మీ., నాలుగు సిలిండర్లయితే ఘనపరిమాణం 2,665 సీసీ. గీతలు పడ్డ సిలిండర్‌ని 0.5 మి.మీ. పెద్దది చేస్తే 2,693. ఒక శాతం పెరిగింది, వేగంలో అర శాతం. దీనికోసం కొత్త బ్లాక్ కొనిపించడం అన్యాయం. ఒక్క మరమ్మతు సైజు అనుమతించండి. సిలిండర్ హెడ్ చెక్కడం, పోర్టులు రుద్దడం, కామ్ మార్చడం మాత్రం లేదు. కంప్రెషన్ గేజి రీడింగుని ఉల్లంఘనకి రుజువుగా రాయకండి. బ్యాటరీ నీరసంగా ఉంటే, ఇంజిన్ చల్లగా ఉంటే అంకె పడిపోతుంది. అనుమానం రావడానికి పనికొస్తుంది, అంతే.

6. ప్రొపెల్లర్, ఇంజిన్ ఎత్తు

ఇంజిన్ అంతా సీలు చేసి ప్రొపెల్లర్ వదిలేసిన క్లాసుల్లో పోటీ కాస్తా ప్రొపెల్లర్ చెక్కేవాడి అంగడికి మారుతుంది. ఒక్కొక్కరికీ నాలుగైదు స్టెయిన్‌లెస్ స్టీల్ ప్రొపెల్లర్లు, ఒక్కో సముద్రానికి ఒకటి. ఔత్సాహిక క్లాస్‌లో సీజన్‌కి రెండే అని రాసి, రెండిటి మీదా నంబరు చెక్కించండి. కేటలాగులో ఉన్నవే వాడాలి. అంచుకి కప్ పెట్టడం (బ్లేడు అంచుని కాస్త వంచడం), బ్లేడు పలచన చేయడం వద్దు. కప్ కాస్త పెంచినా పిచ్ అర అంగుళం నుంచి అంగుళం పెరిగినట్టు పనిచేస్తుంది, కంటికి కనపడదు. అంగుళం పిచ్ అంటే ఇంజిన్ మీద 150 నుంచి 200 ఆర్పీఎం తేడా.

పిచ్‌ని పట్టుకోడానికి లాగర్ డేటా చాలు. ఇంజిన్ 6,000 ఆర్పీఎం, గేర్ నిష్పత్తి 1.85, పిచ్ 24 అంగుళాలు, అంటే 0.61 మీటర్లు. ప్రొపెల్లర్ నిమిషానికి 3,243 తిప్పులు తిరుగుతుంది. జారుడు (ప్రొపెల్లర్ నీటిలో జారి పోగొట్టుకునే దూరం) లేకపోతే గంటకి 118.6 కి.మీ. మామూలు 10 శాతం జారుడుతో 106.8. ఒక పడవ అదే ఆర్పీఎంకి 113 చూపిస్తే జారుడు 5 శాతమే అన్నమాట. అంత తక్కువ అరుదు. గేర్‌కేస్ మార్చి ఉండొచ్చు, ప్రొపెల్లర్ మీద అంకె అబద్ధమై ఉండొచ్చు. గేర్ నిష్పత్తి తేల్చడానికి స్పార్క్ ప్లగ్గులు తీసి, ఫ్లైవీల్ చేత్తో తిప్పుతూ ప్రొపెల్లర్ సరిగ్గా పది చుట్లు తిరిగేదాకా లెక్కపెట్టండి, 18.5 రావాలి.

ఇంజిన్ ఎత్తు గురించి చాలా క్లాసులు రాయడం మరిచిపోతాయి. గేర్‌కేస్ ఎంత పైకి లేస్తే నీటిలో ఈడ్పు అంత తగ్గుతుంది, ఒక దశ దాటాక చల్లబరిచే నీరు అందక ఇంజిన్ వేడెక్కుతుంది, మలుపులో ప్రొపెల్లర్ గాలి పీలుస్తుంది. కొలిచే తీరు: పడవ ట్రైలర్ మీద ఉండగా స్ట్రెయిట్ ఎడ్జ్‌ని కీల్ అడుగుకి ఆనించి వెనక్కి సాగదీయాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ దానికి సమాంతరమయ్యేలా ట్రిమ్ (ఇంజిన్ వంపు) సర్దాలి, ఆ గీత నుంచి షాఫ్ట్ మధ్యకి కొలవాలి. షాఫ్ట్ గీతకి కనీసం 75 మి.మీ. కింద ఉండాలని నమూనాగా పెట్టుకోవచ్చు. సమాంతరం చేయకుండా కొలిస్తే ట్రిమ్ కొంచెం మారగానే అంకె 20 మి.మీ. అటూఇటూ అవుతుంది, అప్పీలులో మీరు ఓడిపోతారు. నడుస్తుండగా ఎత్తు మార్చే హైడ్రాలిక్ జాక్ ప్లేట్ ఉంటే బోల్టుతో బిగించి సీలు వేయాలి.

7. ఇంధనం

అందరూ ఒకే పంపు నుంచి, రేసు ఉదయం కొట్టించుకోవడం. దీన్ని మించింది లేదు. అది కుదరకపోతే ఇథనాల్ పరీక్ష: నూరు మి.లీ. కొలజాడీలో 10 మి.లీ. నీరు, 90 మి.లీ. పెట్రోలు పోసి బాగా కుదిపి పది నిమిషాలు వదలండి. అడుగు నీటి పొర 19కి చేరితే పెట్రోల్లో సుమారు 10 శాతం ఇథనాల్ ఉంది. ఇతర కలుపుల కోసం డైఎలక్ట్రిక్ మీటరు వాడొచ్చు. పెట్రోలుకి డైఎలక్ట్రిక్ విలువ 2 దగ్గర, ఇథనాల్‌కి 25 దగ్గర ఉంటుంది కాబట్టి కలిపితే సూది కదులుతుంది. నమూనా సీసాలూ మీటరూ ఒకే వేడిలో ఉండాలి. ఎండలో పెట్టిన సీసా అబద్ధం చెబుతుంది.

8. భద్రతని వేగంతో బేరం పెట్టకండి

భద్రతా సామాను బరువంతా కనీస బరువులో కలిసిపోవాలి. అప్పుడే దాన్ని తీసేస్తే ఎవరికీ లాభం ఉండదు.

తెరిచిన కాక్‌పిట్ పడవల్లో సీటు బెల్టులు వద్దు, బోల్తా పడితే మనిషి విడిపోవాలి. గట్టి కవచమున్న మూసిన కాక్‌పిట్ అయితే బెల్టు తప్పనిసరి. దానితో పాటు పైకీ కిందికీ తప్పించుకునే తలుపు, లోపల శ్వాస గాలి, నీటిలో తలకిందులుగా బయటపడే పరీక్ష పాసైన సిబ్బంది. ఈ రెండు పద్ధతుల్ని సగం సగం కలిపితే రెండిటి ప్రమాదమూ వస్తుంది. నీరు తగలగానే దానంతట అదే ఉబ్బే లైఫ్ జాకెట్ రేసుకి పనికిరాదు. బోల్తా పడిన పడవ కింద అది మనిషిని పైకి నొక్కిపెట్టి బయటకి రానివ్వదు, వేగంగా నీటిని తాకితే చిరిగిపోతుంది. ఫోమ్ నిండిన, దెబ్బని ఆపే రేసింగ్ జాకెట్టే కావాలి. కిల్ కార్డ్ (మనిషి సీటు వదిలితే ఇంజిన్ ఆపే తాడు) డ్రైవరుకీ, థ్రాటిల్ పట్టిన మనిషికీ ఇద్దరికీ; ప్రతి రేసు ఉదయం ఇంజిన్ నడుస్తుండగా లాగి చూడాలి. బ్యాటరీని పట్టీతో కాదు, పెట్టెలో బోల్టులతో బిగించాలి. వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానల్ (సముద్రంలో ఆపద పిలుపులది) వినాలి, హెల్మెట్ పెట్టుకుని వినపడుతుందో లేదో గట్టు మీదే తేల్చుకోవాలి.

క్లాస్ మొత్తం ఏటా వేగం పెరిగి తెరిచిన కాక్‌పిట్‌కి తగని స్థితికి వస్తే ఇంజిన్ జాబితా కుదించండి, లేదా పిచ్ తగ్గించండి. ఇంకో మెత్త, ఇంకో పట్టీ కలుపుతూ పోవడం పరిష్కారం కాదు.

9. వాక్యం రాయడం

మొదటి నిర్ణయం: "నిషేధించనిదంతా చెల్లుతుంది" అంటారా, "అనుమతించనిదంతా నిషేధం" అంటారా? ఔత్సాహిక క్లాస్‌కి రెండోదే. అది మొదటి వాక్యంగా రాయండి. మొదటిది పెట్టుకుంటే ప్రతి కొత్త ఉపాయం వెంటా కమిటీ పరిగెత్తాలి.

ఒక వాక్యానికి ఒకే షరతు, ప్రతిదానికీ నంబరు. "సాధారణంగా", "తగినంత", "స్ఫూర్తికి విరుద్ధంగా" లాంటి మాటలు తీసేయండి. ట్రిమ్ ట్యాబుల (పడవ వాలు సర్దడానికి ట్రాన్సమ్ వెనక ఉండే పలకల) మీద రాసిన ఈ రెండూ పక్కపక్కన చూడండి:

"ట్రిమ్ ట్యాబులు మరీ పెద్దగా ఉండరాదు."

"4.6. ట్రిమ్ ట్యాబులు రెండే ఉండాలి. 4.7. ఒక్కో ట్యాబు పొడవు ట్రాన్సమ్ నుంచి 300 మి.మీ. మించకూడదు. 4.8. కొలిచేటప్పుడు ట్యాబుని అడుగుకి సమాంతరంగా ఉంచాలి."

మొదటిదాని మీద సాయంత్రమంతా వాదించొచ్చు. రెండోదానికి టేపు చాలు. కొలత పరికరం పొరపాటుకి ఇచ్చే వెసులుబాటు విడిగా, ఒకే పట్టికలో ఉండాలి: తూకానికి 3 కిలోలు, పొడవుకి 10 మి.మీ., కోణానికి అర డిగ్రీ. అది పరికరానికి ఇచ్చింది, పోటీదారుకి కాదని అక్కడే రాయండి. లేదంటే అందరూ 1,367 కిలోలకే కట్టుకొస్తారు.

ముసాయిదా అయ్యాక క్లాస్‌తో సంబంధం లేని ఒక మెకానిక్‌కి ఇచ్చి "దీంట్లో ఎలా మోసం చేయొచ్చో చెప్పు" అని అడగండి. కమిటీ సభ్యులకి ఈ పని పడదు. ప్రతివాళ్ళకీ ఒక పడవుంటుంది, ఆ పడవకి సరిపోయే అంకె ప్రతివాళ్ళకీ న్యాయంగానే తోస్తుంది.

10. తనిఖీ, శిక్ష, ఫిర్యాదు

రేసుకి ముందు భద్రత మాత్రమే చూడండి. కొలతలు రేసు తర్వాత. మొదటి ముగ్గురు, చీటీలో వచ్చిన మరొక పడవ నేరుగా కట్టడి ప్రాంతానికి రావాలి. ఫలితం ప్రకటించే దాకా సిబ్బంది పడవ ముట్టుకోకూడదు, ఇంధనం తీయకూడదు, పంపు కూడా అధికారి చూస్తుండగానే వేయాలి. చీటీ పడవ ముఖ్యం. ఎనిమిదో స్థానంలో ఉన్నవాడి పడవా ఎప్పుడో ఒకప్పుడు తూకానికి రావాలి.

శిక్షలు ముందే పట్టికగా ఉండాలి. వేగపు గీత మొదటిసారి దాటితే 60 సెకన్లు, రెండోసారి ఒక స్థానం, మూడోసారి ఫలితం రద్దు. బరువు 5 కిలోల లోపు తగ్గితే రెండు స్థానాలు, అంతకు మించితే రద్దు. సీలు, ఈసీయూ, స్టెప్ లాంటి వాటికి సీజన్ పాయింట్లన్నీ పోవాలి. ఎవరు దొరికారో చూశాక శిక్ష నిర్ణయించే అధికారం ఎవరికీ ఇవ్వకండి.

ఫిర్యాదు ఫలితం అతికించిన గంటలోపు, రాతపూర్వకంగా, నిబంధన నంబరు చెప్పి, డిపాజిట్‌తో. ఇంజిన్ విప్పాల్సిన ఫిర్యాదైతే డిపాజిట్ విప్పి మళ్ళీ బిగించే ఖర్చుకి సరిపోవాలి. తప్పు రుజువైతే డిపాజిట్ వెనక్కి, ఖర్చు తప్పు చేసినవాడి మీద. రుజువు కాకపోతే ఆ సొమ్ము ఇంజిన్ యజమానికి. విచారించే ముగ్గురిలో ఆ క్లాస్ పోటీదారు ఒక్కడూ ఉండకూడదు.

ఖర్చు మీద ఇంకో తాళం క్లెయిమ్ నిబంధన. మొదటి మూడు స్థానాల్లో వచ్చిన ఇంజిన్‌ని సీజన్ మొదట్లో ప్రకటించిన ధరకి, అదే రేసు పూర్తిచేసిన పోటీదారు ఎవరైనా కొనుక్కోవచ్చు. అమ్మనంటే ఆ రేసు పాయింట్లు పోతాయి. రెండింతలు పెట్టి ఇంజిన్ తయారు చేయించే ఆశ దీంతో చాలావరకు పోతుంది. ధర మరీ తక్కువ పెడితే మాత్రం మంచి ఇంజిన్ల కోసం కావాలనే క్లెయిములు వేస్తారు. అదే మోడల్ మంచి స్థితిలో ఉన్నదానికి మార్కెట్లో పలికే ధరకి పదిశాతం పైన పెట్టండి, ఒకరికి సీజన్‌లో ఒక్క క్లెయిమే ఇవ్వండి.

11. మార్పులు

భద్రతకి సంబంధించినవి వెంటనే అమలు. మిగతావన్నీ మూడు సీజన్లు గడ్డకట్టించేయండి. ఏటా మారే నిబంధన ఏటా కొత్త సామాను కొనిపిస్తుంది. అర్థం మీద ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు రాతలో, అడిగినవాడికే కాకుండా పోటీదారులందరికీ ఒకే రోజు పంపాలి. ఆ జవాబు సీజన్ ముగిశాక నిబంధనలోకి చేర్చేయాలి. విడిగా ఉంచితే రెండేళ్ళలో నిబంధనల పుస్తకం కన్నా జవాబుల కట్ట లావైపోతుంది.

సీజన్ ముగింపులో లాగర్ డేటా అంతా ఒకచోట వేసి, నిలకడ నీటి రేసులూ అలల రేసులూ విడివిడిగా చూడండి. నిలకడ నీటిలో మొదటి ఐదు పడవల సగటు ల్యాప్ సమయాలు 2 శాతం లోపల ఉంటే బరువు, ఇంజిన్ అంకెలు ముట్టుకోవద్దు. అలల్లో మాత్రమే ఒకే హల్ పదేపదే గెలుస్తుంటే పొడవు పరిమితి తప్పు చోట ఉన్నట్టు. రెండిటిలోనూ ఒకే మనిషి, ప్రతిసారీ వేరే పడవతో గెలుస్తుంటే నిబంధనల్లో మార్చాల్సింది ఏమీ లేదు.